ఆంధ్ర నాటక పితామహుడు ధర్మవరం రామకృష్ణమాచార్యులు

ఊరన్న తరువాత గుడి, బడి, చెరువు ఉండాలని పూర్వులు ఎంచారు. గుడి భక్తికి, బడి విద్యకు, చెరువు పంటకు. ఈ మూడింటితోపాటు ఊరివారందరూ ఒకచోట కూర్చుని మానవజీవితంలోని మంచిచెడ్డలను కన్నులారా చూచుకొనే రంగస్థలం కూడా ఉండాలని తలచి, తలచినదానిని చేసి చూపిన తొలితరం తెలుగువారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులవారు అగ్రగణ్యులు. వృత్తిచేత న్యాయవాది, పాండిత్యంచేత కవి, అభిరుచిచేత నటుడు అయిన ఆ మహనీయుడు బళ్ళారి పట్టణంలో సరసవినోదినీ సభ అనే నాటకసమాజాన్ని స్థాపించి, దాదాపు పాతికేళ్లపాటు తెలుగు నాటకానికి ఆ పట్టణాన్ని రాజధానిగా నిలిపారు. లాభాన్ని కోరక, జీతాన్ని ఆశించక, కేవలం కళాభిమానంతో నడిచిన ఆ సభ చరిత్ర, ఆచార్యులవారి జీవితచరిత్ర విడదీయరానివి.

జననం, విద్యాభ్యాసం

రామకృష్ణమాచార్యులవారు 1853లో నేటి ఆంధ్రప్రదేశ్‌లోని ధర్మవరంలో జన్మించారు. తండ్రి కృష్ణమాచార్యులు, తల్లి లక్ష్మీదేవమ్మ. ఆ ఊరిపేరే వారి ఇంటిపేరు అయింది. తండ్రిగారు బళ్ళారిలోని ఒక ఉన్నత పాఠశాలలో తెలుగు బోధించిన పండితులు. ఉపాధ్యాయుని ఇంట పుట్టిన పిల్లవానికి పద్యం ఉగ్గుపాలతోనే అలవడింది. చిన్ననాటనే కవిత్వం చెప్పడం, పెద్దవాడైన తరువాత అవధానాలు చేయడం ఆయనకు వినోదాలు. తెలుగు, సంస్కృతం, కన్నడం, ఆంగ్లం ఆయనకు స్వాధీనమైన భాషలు. ఆంగ్లవిద్య చదివి, కొంతకాలం చిన్న ఉద్యోగం చేసి, ప్లీడరు పరీక్షలో ఉత్తీర్ణులై, చివరకు బళ్ళారిలో న్యాయవాదిగా స్థిరపడ్డారు.

ఆనాటి బళ్ళారి సామాన్యమైన పట్టణం కాదు. 1800లో నిజాం నుంచి ఆంగ్లేయులకు దత్తమైన మండలాలలో అది ముఖ్యమైనది. మద్రాసు రాజధానిలో చేరిన ఆ జిల్లాకు కేంద్రమై, పెద్ద సైనిక స్థావరం గలదై, న్యాయస్థానాలతో, పాఠశాలలతో, ప్రత్తి వ్యాపారంతో కళకళలాడేది. వీధిలో కన్నడం, తెలుగు సమానంగా వినిపించేవి. దండువారి మూలంగా ఉర్దూ, తమిళం, ఆంగ్లం కూడా అక్కడ కాపురం చేసేవి. అయితే 1876 మొదలుకొని 1878 వరకు దక్షిణదేశాన్ని పీడించిన మహాక్షామం బళ్ళారి జిల్లాను తీవ్రంగా దెబ్బతీసింది. ఆ కరవును పాతికేళ్ల వయస్సులో చూచిన తరమే పదేళ్లు తిరగకముందే నాటకసభలను కట్టుకొన్నదన్న సంగతి గమనింపదగినది. కరవు వల్ల కుంగిన పట్టణానికి కూడుగుడ్డలతోపాటు మనసుకు ఊరట కూడా కావలసి వచ్చింది.

నాటకానికి నాటి స్థితి

తెలుగులో నాటకరచన 1860 ప్రాంతంలో కోరాడ రామచంద్రశాస్త్రి గారి మంజరీమధుకరీయంతో మొదలైనదని సాహిత్య చరిత్రకారులు చెబుతారు. ప్రదర్శన మాత్రం మరి ఇరవై ఏళ్లకు గాని రాలేదు. 1880లో ధార్వాడ నాటకసమాజంవారు తెలుగుదేశంలో సంచారం చేస్తూ రాజమహేంద్రవరంలో ప్రదర్శనలిచ్చి వెళ్లారు. వారు విడిచిపోయిన పాకలోనే కందుకూరి వీరేశలింగం పంతులు గారు తమ విద్యార్థులచేత వ్యవహారధర్మబోధినిని ఆడించారని ప్రసిద్ధి. కన్నడ, మహారాష్ట్ర దేశాలకు దగ్గరగా ఉన్న బళ్ళారికి ఇటువంటి సమాజాల రాకపోకలు మరింత పరిచితం.

ఇక సంఘంలో నటునికి గల స్థానం చాలా తక్కువ. వేషం కట్టడం గౌరవస్థులు చేయదగిన పని కాదన్న భావం అంతటా ఉండేది. వీధిభాగవతులను చూచి ఆనందించేవారే, ఆ భాగవతుణ్ణి తమ ఇంట భోజనపంక్తిలో కూర్చుండబెట్టడానికి సందేహించేవారు. చదువుకొన్నవాడు, అందునా న్యాయస్థానంలో నల్లకోటు తొడుక్కొని నిలబడేవాడు ముఖానికి రంగు పూసుకొంటే కక్షిదారులు విశ్వసిస్తారా, న్యాయమూర్తులు గౌరవిస్తారా అన్న శంక సహజమే. రామకృష్ణమాచార్యులవారు పణంగా పెట్టినది ధనాన్ని కాదు, పరువును. ఆ పరువు పోకపోగా, ఆయన పరువు నాటకానికి సంక్రమించింది. ఆయన చేసిన గొప్ప పనులలో మొదటిది ఇదే.

సరసవినోదినీ సభ

1880ల రెండవ సగంలో ఆచార్యులవారు బళ్ళారిలోని విద్యావంతులను, సంగీతజ్ఞులను, ఉద్యోగులను కూడగట్టి సరసవినోదినీ సభను ఏర్పరచారు. 1887లో ఆయన రచించిన చిత్రనళీయం ప్రదర్శితమైంది. నలదమయంతుల కథను తీసికొని, రాజ్యభ్రష్టుడై, రూపం మారి, బాహుకుడను పేర పరుల కొలువులో వంటలు చేసిన నలుని దుఃఖాన్ని అందులో ప్రధానంగా చిత్రించారు. ఆ బాహుకుని పాత్రను ఆచార్యులవారే ధరించేవారు. కరవు రోజులలో ఉన్న ఊరు విడిచి పరాయిచోట పొట్ట పోసుకొన్నవారిని కళ్లారా చూచిన ప్రేక్షకులకు బాహుకుడు పురాణపురుషుడుగానే మిగిలి ఉండడు.

సరిగా ఆ సంవత్సరాలలోనే, 1885లో, కడప జిల్లాలోని సురభి గ్రామంలో వనారస గోవిందరావు గారి కుటుంబం కీచకవధతో తమ నాటకయాత్రను ప్రారంభించింది. సురభివారికి నాటకం జీవనాధారం, వంశవృత్తి. బళ్ళారివారికి అది పగటి వృత్తి ముగిసిన తరువాత చేపట్టే వ్రతం. ఒకే కాలంలో, ఒకే ప్రాంతంలో మొలకెత్తిన ఈ రెండు మార్గాలూ తెలుగు నాటకానికి రెండు కన్నులు. మొదటిది ఊరూరా తిరిగి నాటకాన్ని జనానికి చేర్చింది. రెండవది ఒక పట్టణంలో నిలదొక్కుకొని నాటకానికి సాహిత్య గౌరవాన్ని, సంఘ గౌరవాన్ని సంపాదించింది.

ఔత్సాహిక సమాజాన్ని నడపడం అంత తేలిక కాదు. జీతం తీసుకోని నటుణ్ణి గద్దించి రప్పించలేరు. అభ్యాసానికి సాయంకాలాలు వెచ్చించాలి. పద్యం పాడగలిగినవారిని వెదకాలి, స్త్రీపాత్రలను పురుషులే ధరించవలసిన కాలం గనుక అందుకు తగిన కంఠం, ఆకారం గల యువకులను ఒప్పించాలి. తెరలు, దుస్తులు, దీపాలు సమకూర్చాలి. అప్పటికి విద్యుద్దీపాలు లేవు, ధ్వనివర్ధకాలు లేవు. వెనుక వరుసలో కూర్చున్నవానికి కూడా మాట వినిపించాలంటే నటుని గొంతే ఆధారం. కవి, నటుడు, శిక్షకుడు, నిర్వాహకుడు అన్నీ తానే అయి ఆచార్యులవారు ఈ భారాన్ని మోశారు. పగలు న్యాయస్థానంలో వాదన, రాత్రి రంగస్థలం మీద దశరథుడో, రాజరాజనరేంద్రుడో, అజామీళుడో అయి నిలవడం, ఆ రెండింటికి మధ్య దొరికిన కాలంలో కొత్త నాటకాన్ని వ్రాయడం ఆయన నిత్యకృత్యమైంది.

రచనలు, నూతన మార్గాలు

ఆచార్యులవారు సుమారు ముప్పై నాటకాలు వ్రాశారని ప్రతీతి. వాటిలో సగం మాత్రమే అచ్చులో నిలిచాయి. చిత్రనళీయం, పాదుకాపట్టాభిషేకం, ప్రహ్లాద, సావిత్రీచిత్రాశ్వం, మోహినీరుక్మాంగద, ప్రమీలార్జునీయం, పాంచాలీపరిణయం, బృహన్నల, చిరకారి, విషాదసారంగధర, రోషనార-శివాజీ మున్నగునవి పేరు పొందినవి. ఎక్కువ భాగం పురాణేతిహాసాల నుంచి గ్రహించినవే అయినా, కథను ఎంచుకోవడంలో ఆయన దృష్టి మనుష్యుని మనసులోని సంఘర్షణ మీదనే నిలిచేది. ఆడిన మాటకు కట్టుబడి కొడుకును అడవికి పంపి కుమిలిపోయే దశరథుడు, వ్రతం ఒకవంక, కన్నకొడుకు ఒకవంక కాగా నలిగిపోయే రుక్మాంగదుడు, తల్లిని చంపమన్న తండ్రి ఆజ్ఞను పాటించడానికి తొందరపడక ఆలోచిస్తూ నిలిచిపోయిన చిరకారి ఆయనకు నచ్చిన పాత్రలు. చిరకారి జాగు చేయడమే తల్లి ప్రాణాలను కాపాడింది. నిదానమే ప్రధానమన్న సామెతకు అంతకు మించిన కథ లేదు.

నాటకనిర్మాణంలో ఆయన సంస్కృత మర్యాదను, ఆంగ్ల మర్యాదను మేళవించారు. నాంది, ప్రస్తావన, భరతవాక్యం సంస్కృత నాటకాల నుంచి వచ్చినవి. అంకాన్ని రంగాలుగా విభజించడం ఆంగ్ల నాటకాల నుంచి వచ్చినది. వీటికి తోడు తెలుగు నాటకంలో పద్యాలతోపాటు పాటలను ప్రవేశపెట్టడం ఆయన ప్రత్యేకత. యక్షగానాలకు, వీధినాటకాలకు అలవాటుపడిన తెలుగు ప్రేక్షకుని చెవి పాటను కోరుతుందని ఆయన గ్రహించారు. పండితునికి పద్యం, పామరునికి పాట, ఇద్దరికీ కథ దొరకడం వల్లనే సరసవినోదినీ ప్రదర్శనలకు అన్ని తరగతులవారూ ఆకర్షితులయ్యారు.

అన్నింటికంటె సాహసమైనది విషాదసారంగధర. రాజమహేంద్రవరాన్ని ఏలిన రాజరాజనరేంద్రుని కుమారుడు సారంగధరుడని, సవతితల్లి చిత్రాంగి మోపిన అపనిందకు గురియై కాలుసేతులు పోగొట్టుకొన్నాడని తెలుగునాట వ్యాపించిన కథ. కావ్యకవులు ఒక సిద్ధుని దయవల్ల అతనికి తిరిగి అవయవాలు వచ్చినట్లు చెప్పి కథను మంగళాంతం చేశారు. సంస్కృత నాటక సంప్రదాయం కూడా దుఃఖంతో ముగియడాన్ని ఆమోదించదు. ఆచార్యులవారు ఆ కథను విషాదాంతంగా మలిచారు. కోపంలో ఇచ్చిన తీర్పును తరువాత ఎంత ఏడ్చినా మరలించలేమన్న సత్యం అప్పుడే ప్రేక్షకుని గుండెలో నాటుకొంటుందని ఆయన విశ్వాసమై ఉండాలి. న్యాయస్థానాలలో తీర్పుల బరువును నిత్యమూ చూచే న్యాయవాదికి ఈ కథ ఇలా తోచడంలో ఆశ్చర్యం లేదు. తెలుగులో తొలి విషాదాంత నాటకంగా దీనిని విమర్శకులు పరిగణిస్తారు. సంప్రదాయాన్ని అంతగా గౌరవించిన వైష్ణవ పండితుడే దానిని ఈ విధంగా దాటడం ఆయన వ్యక్తిత్వంలోని ధైర్యానికి నిదర్శనం.

మద్రాసు ప్రదర్శనలు, తమిళ రంగస్థలంపై ప్రభావం

1891లో సరసవినోదినీ సభవారు మద్రాసు వెళ్లి విక్టోరియా పబ్లిక్ హాలులో నాటకాలు ప్రదర్శించారు. ఆ ప్రేక్షకులలో పద్ధెనిమిదేళ్ల తమిళ యువకుడు ఒకడు ఉన్నాడు. తమిళ నాటకాల పట్ల ఆ యువకునికి అప్పటివరకు ఏమంత గౌరవం లేదు. రంగస్థలం మీద రాజవేషంలో ఉన్నవారు పగటివేళ న్యాయవాదులని, ఉద్యోగులని, విద్యాధికులని తెలిసికొని అతడు విస్మయం చెందాడు. బళ్ళారి పెద్దమనుషులు చేయగలిగినది చెన్నపట్టణం పెద్దమనుషులు ఎందుకు చేయరాదన్న ఆలోచన అతనిలో మెదిలింది. ఆ సంవత్సరమే జూలై 1న కొందరు మిత్రులతో కలిసి అతడు సుగుణవిలాస సభను స్థాపించాడు. ఆ యువకుడే తమిళ నాటకపితామహుడుగా పూజలందుకొన్న పమ్మల్ సంబంధ మొదలియారు. తమ నాటకజీవితానికి బళ్ళారి సభయే ప్రేరణ అని ఆయన తమ జ్ఞాపకాలలో మనసారా వ్రాసికొన్నారు.

సుగుణవిలాస సభ తరువాతి కాలంలో మద్రాసు నగరజీవితంలో ఒక ప్రముఖ స్థానం వహించింది. సర్ సి.పి. రామస్వామి అయ్యరు, ఎస్. సత్యమూర్తి, ఆర్.కె. షణ్ముఖం చెట్టి వంటి పేరెన్నిక గలవారు ఆ సభతో సంబంధం పెట్టుకొన్నారు. తమిళంతోపాటు తెలుగు నాటకాలు కూడా అక్కడ ఆడబడ్డాయి. ఒక భాషవారి దీపంతో మరొక భాషవారు తమ దీపాన్ని వెలిగించుకొన్నారు. మొదటి దీపానికి కొరత రాలేదు, రెండవ ఇంట చీకటి పోయింది. తమిళదేశంలో ఉంటూ తెలుగు మాట్లాడే కుటుంబాలకు ఈ ఘట్టం ప్రత్యేకించి స్మరణీయం.

పోటీ వల్ల కలిగిన మేలు

బళ్ళారిలో నాటకం ఒక్కరి సొత్తుగా మిగలలేదు. ఆచార్యులవారి సమకాలికులు, తోటి న్యాయవాది అయిన కోలాచలం శ్రీనివాసరావు గారు (1854–1919) సుమనోరమ సభను నడిపారు. హంపి సమీపంలోని కమలాపురంలో పుట్టిన శ్రీనివాసరావు గారు చారిత్రక నాటకాలకు ప్రసిద్ధులు. 1565లో తళ్ళికోట యుద్ధంతో విజయనగరం కూలిన కథను రామరాజు చరిత్రగా రచించారు. మతవైషమ్యాలు రేగుతాయన్న భయంతో నాటి ప్రభుత్వం ఆ నాటకాన్ని నిషేధించవలసి వచ్చిందంటే దాని బలం ఎంతటిదో ఊహించవచ్చు. ప్రపంచ నాటకచరిత్రను ఆయన ఆంగ్లంలో ఒక గ్రంథంగా కూడా వెలువరించారు.

ఒకే పట్టణంలో రెండు సభలు, ఇద్దరు కవులు, ఇద్దరూ న్యాయవాదులు. సహజంగానే పోటీ ఏర్పడింది. ఒకరు పురాణాన్ని పట్టుకొంటే మరొకరు చరిత్రను పట్టుకొన్నారు. ఒకరు పాటతో రక్తి కట్టిస్తే మరొకరు సంభాషణతో ఆలోచింపజేశారు. ఈ పోటీవల్ల నష్టపోయినవారు ఎవరూ లేరు. ప్రేక్షకుడు రెండు రకాల నాటకాలనూ చూడగలిగాడు. నటులకు రెండు వేదికలు దొరికాయి. ఊరి విషయాలలో ఇద్దరు పెద్దల మధ్య పోటీ వస్తే అది కక్షగా మారడం లోకసహజం. బళ్ళారిలో అది కళగా పండింది.

మేనల్లుడు రాఘవ

ఆచార్యులవారి సోదరి కుమారుడు తాడిపత్రి రాఘవాచార్యులు. లోకానికి ఆయన బళ్ళారి రాఘవ. 1880లో జన్మించిన రాఘవ మేనమామ నాటకాలు చూస్తూ పెరిగారు. ఆయన కూడా న్యాయవాదియే, ఆయన కూడా జీతం తీసుకోని నటుడే. ఆశ్చర్యమేమనగా, రాఘవకు గొప్ప పేరు తెచ్చిన పాత్రలలో ఒకటి కోలాచలంవారి రామరాజు చరిత్రలోని పఠాను పాత్ర. మేనమామకు పోటీగా నిలిచిన కవి నాటకంలో మేనల్లుడు కీర్తి గడించడం బళ్ళారి నాటకరంగపు ఔదార్యాన్ని చాటుతుంది. ఆచార్యులవారి సోదరులు గోపాలాచార్యులు వ్రాసిన రామదాసులోను రాఘవ ప్రఖ్యాతి పొందారు.

మేనమామ చూపిన బాటలో నడిచినప్పటికీ రాఘవ దానిని గుడ్డిగా అనుసరించలేదు. కాలక్రమాన తెలుగు నాటకంలో పాట, పద్యం మితిమీరాయి. మరణశయ్య మీద ఉన్న పాత్ర లేచి, ప్రేక్షకుల కోరికపై మళ్లీ అదే పద్యం పాడే దుస్థితి వచ్చింది. ఆచార్యులవారు రుచి కోసం వేసిన ఉప్పును తరువాతివారు కూర నిండా గుమ్మరించారు. రాఘవ సహజనటనకు ప్రాధాన్యమిచ్చి, సందర్భశుద్ధి లేని గానాన్ని నిరసించారు. స్త్రీపాత్రలను స్త్రీలే ధరించాలని పట్టుబట్టి, కొమ్మూరి పద్మావతీదేవి వంటి విద్యావతులను రంగస్థలానికి ఆహ్వానించారు. 1927లో ఆయన ప్రదర్శించిన దీనబంధు కబీరును మహాత్మాగాంధీ తిలకించారు. 1928లో ఆయన ఇంగ్లండు వెళ్లి అక్కడి నాటకరంగాన్ని పరిశీలించి వచ్చారు. 1946 ఏప్రిల్ 16న ఆయన కన్నుమూశారు. అదే తేదీ కందుకూరివారి జన్మదినం కావడం, ఆ రోజునే తెలుగు నాటకరంగ దినోత్సవం జరుపుకొనడం యాదృచ్ఛికమే అయినా ముచ్చటైన విషయం.

మేనమామ సంస్కరించినదానిని మేనల్లుడు మళ్లీ సంస్కరించాడు. ఇది గురువుకు అవమానం కాదు. తన తరువాతివాడు తనను ప్రశ్నించగలిగినంత సమర్థుడు కావడమే నిజమైన గురువు ఆశించే దక్షిణ.

నిర్యాణం, వారసత్వం

ఆంధ్ర నాటకపితామహ బిరుదుతో సాహితీలోకం గౌరవించిన రామకృష్ణమాచార్యులవారు 1912లో దివంగతులయ్యారు. చివరివరకు న్యాయవాద వృత్తిని గాని, నాటకాన్ని గాని ఆయన విడువలేదు. ఒక్క వ్యక్తి శ్రద్ధాసక్తుల మీద నిలిచిన సంస్థకు ఆ వ్యక్తి లేని లోటు తీరడం కష్టం. సరసవినోదినీ సభ వైభవం ఆయనతో ముడివడినదే. ఆయన వ్రాసిన నాటకాలలో సగం అచ్చుకాకుండానే కాలగర్భంలో కలిసిపోవడం తెలుగువారికి తీరని నష్టం. ప్రదర్శన అయిన మరునాటికి నాటకం గాలిలో కలిసిపోతుంది. పుస్తకమైనా మిగిలితేనే తరువాతి తరానికి ఆధారం. ఆ ఆధారాన్ని భద్రపరచుకొనడంలో తెలుగువారు చూపిన అశ్రద్ధకు ఆచార్యులవారి అముద్రిత నాటకాలే సాక్ష్యం.

1953 అక్టోబర్ 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలో చేరగా బళ్ళారి పట్టణం మైసూరు రాష్ట్రంలో కలిసింది. ఆ విధంగా ఆంధ్ర నాటకపితామహుని కర్మభూమి ఆంధ్రదేశపు ఎల్లలకు వెలుపల నిలిచింది. అయినా ఆయన పేరు తెలుగు నాటకచరిత్ర మొదటి పుటలలోనే ఉన్నది. బళ్ళారిలో రాఘవ పేర వెలసిన కళామందిరంలో కన్నడ, తెలుగు కళాకారులు ఉభయులూ ప్రదర్శనలిచ్చారు. రాష్ట్రాల ఎల్లలు మారవచ్చు. భాషకు, కళకు ఎల్లలు గీచేది ఆ భాషను ఇంట మాట్లాడుకొనే వారి పట్టుదల ఒక్కటే.

రాజపాళయం పరిసరాలలో శతాబ్దాల క్రిందట స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ సత్యం స్వానుభవమే. ఇంట తెలుగు, వీధిలో తమిళం. రెండింటి మధ్య వైరం లేదు. మద్రాసు రాష్ట్రానికి ముఖ్యమంత్రిగా పనిచేసిన రాజపాళయం వాస్తవ్యులు పి.ఎస్. కుమారస్వామి రాజా గారు తమ ఇంటినే గాంధీ కళామండ్రానికి అర్పించడం, ఊరికి కళాస్థానం ఒకటి ఉండాలన్న ఆలోచన ఈ నేలకు కూడా కొత్త కాదని తెలుపుతుంది.

పాఠశాలకు, నాటకసభకు పోలిక ఉన్నది. రెండూ లాభం కోసం నడిచేవి కావు. రెండింటిలోను పెద్దవారు చిన్నవారికి నేర్పుతారు, నేర్చినవారు వేదిక ఎక్కుతారు, నేర్పినవారు తెరవెనుక నిలబడతారు. వార్షికోత్సవం నాడు ముఖానికి రంగు పూసుకొని, గుండె దడదడ కొట్టుకొంటూ తెర తొలగే క్షణం కోసం ఎదురుచూచే బాలుడు గాని బాలిక గాని తమ వెనుక ఎంత చరిత్ర నిలిచి ఉన్నదో ఎరుగరు. గౌరవస్థుడు వేషం కట్టరాదన్న కాలంలో తన గౌరవాన్నే పణంగా పెట్టి ఆ తెరను మొదట తొలగించినవారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులవారు ఒకరు. తెలుగు పిల్లలు వేదిక ఎక్కి తెలుగులో ఒక మాట స్పష్టంగా, ధైర్యంగా పలికిన ప్రతిసారీ ఆ పితామహుని ఋణం కొంత తీరుతుంది.